సలోమి సిస్టర్ పొగడని వైద్యం

ఎండాకాలంలో మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి మా కొట్టు ముందున్న చెరకు రసం బండికి ఐసు గడ్డ దిగుతుంది. తడి గోనెపట్టా, దానికి అంటుకున్న వరి ఊక, ఆ రెండూ కలిసిన పచ్చి వాసన ఒకటి నేను కూర్చున్న చోటిదాకా వస్తుంది. నరసరావుపేట ఎండలో ఆ వాసనకి ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. నాకు మాత్రం అరచేతులు తిమ్మిరెక్కుతాయి. ఆ గడ్డని చూస్తే నాకు దాహం గుర్తు రాదు, సలోమి సిస్టర్ గుర్తొస్తుంది. మోకాళ్ల నొప్పులతో కాస్త పక్కకి ఒరిగి నడిచే పొట్టి మనిషి. ముక్కు మీదకి జారే కళ్లద్దాలు, వాటి పైనుంచి ఎదుటివాణ్ణి తూకం వేసే చూపు. గురజాల దగ్గర పల్లెటూరు వాళ్లది, తండ్రి మిషనరీ బడిలో పంతులు. మా ఊళ్లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ మొత్తం ఆవిడ చేతిమీద నడిచేది. ఆవిడతో నాకున్న పరిచయం మూడు వారాలు కూడా నిండదు. అయినా నా నలభై ఏళ్ల వ్యాపారబుద్ధిని పట్టుకుని బోర్లించింది ఆవిడే.

ముందు నా బుద్ధి ఎలాంటిదో చెప్పాలి. నేను పుట్టింది కిరాణా కొట్టు వెనక గదిలో. మా నాన్న ఒకే బస్తా కందిపప్పుని మూడు డబ్బాల్లో పోసి మూడు రేట్లు రాసి పెట్టేవాడు. ఇదేంటని అడిగితే, "నాణ్యం కావాలన్నోళ్లకి నాణ్యం, చవక కావాలన్నోళ్లకి చవక. ఎవుర్నీ నిరాశ పెట్టగూడదురా" అనేవాడు. ఆ బడిలో చదివినవాణ్ణి కాబట్టి లోకంలో ప్రతి డబ్బా వెనకా ఇంకో రెండు డబ్బాలు ఉంటాయని నా నమ్మకం. సరుకు ఎంత బాగుందో చెప్పేవాణ్ణి నమ్మను. కొసరు వేయనివాడి దగ్గర కొనను. ధర కుదరకపోతే విసురుగా లేచి నాలుగడుగులు వేస్తాను. ఐదో అడుగుకి వెనకనించి పిలుపు రావాలి, వస్తుంది కూడా. దీన్ని నేను తెలివి అనుకునేవాణ్ణి. నా భార్య అరుణ మాత్రం "రోగం" అనేది.

అసలు రోగం నాలుగేళ్ల కిందట వానలు వెనకబట్టాక వచ్చింది. ఊరంతా కీళ్లజ్వరాలు. లేచినవాడు కూర్చోలేడు, కూర్చున్నవాడు లేవలేడు. అరుణకీ వచ్చింది. పెద్దాసుపత్రికి వెళితే పది పరీక్షలు రాస్తారు, అందులో ఎనిమిది వాళ్ల మెషీన్లకి పని కల్పించడానికేనని నా లెక్క. అందుకని వీధి చివరి ఆరెంపీ డాక్టరు దగ్గర జ్వరానికి బిళ్లలు తెచ్చాను. నొప్పులు తగ్గలేదు. మందుల షాపుకి వెళ్లి ఒళ్లు నొప్పులకి వేరే బిళ్లలు అడిగాను. అక్కడ నా అలవాటు ఊరుకోదు గదా, "ఇంత కొంటున్నా, కొసరేం లేదా?" అన్నాను. షాపతను నవ్వి జలుబు బిళ్లల షీటు ఒకటి సంచిలో పడేశాడు. గెలిచినట్టు ఇంటికొచ్చాను. మూడు రంగులు, మూడు పేర్లు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడూ కలిపి నా చేత్తో నేనే మింగించాను. నొప్పి ఎక్కువని ఏడిస్తే మధ్యలో ఇంకోటి. గంజి కూడా సరిగా దిగని మనిషికి ఐదారు రోజులు అలా వేశాను. ఆ తర్వాత వాంతులు మొదలయ్యాయి. కళ్లు పసుపుపచ్చగా తిరిగాయి. కామెర్లు, పసరు మందుకి తీసుకుపోదామని ఇరుగుపొరుగు అంటుండగానే, ఒక పొద్దున అరుణ నన్ను చూసి "నాన్నా, ఎప్పుడొచ్చావు?" అంది. ఆవిడ నాన్న పోయి అప్పటికి పదేళ్లు.

ఆసుపత్రిలో చేర్చాక కుర్ర డాక్టరు రక్తపరీక్ష కాగితాలు చూసి, లివరు బాగా దెబ్బతిందని, ఏదో మందు వల్ల అయి ఉండొచ్చని అన్నాడు. ఆ మాట వినగానే నా పక్కన నుంచున్న మా బావ సాంబశివరావు నా వైపు తిరిగాడు. అరుణకి అన్న. మాచవరంలో మిరప వేస్తాడు, కోపం కూడా ఆ పంట లాగే ఉంటుంది. వరండాలో బెంచీ మీద ఎవరో "ఇట్టాంటియ్యి పోలీసు కేసులవుతయ్యి, ఆడమనిషి గదా, ఎవురేం తాగిచ్చారో" అని గొణిగారు. సరిగ్గా అప్పుడే సలోమి సిస్టర్ కాగితమూ పెన్నూ పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది.

"ఏమయ్యా, ఏం చేస్తుంటావు?"

"కిరాణా కొట్టండీ."

"సరే కొట్టాయనా. ఏం మందులేశావు?"

"జ్వరం బిళ్లలే సిస్టర్. రోజుకొకటి. ఎప్పుడన్నా రెండు."

ఆవిడ రాయలేదు. అద్దాల పైనుంచి చూసింది. మళ్లీ అదే ప్రశ్న అడిగింది, నేను మళ్లీ అదే జవాబు చెప్పాను. అప్పుడు మా బావ వైపు తిరిగి, "బాబూ, మా దగ్గరున్న ఐసు ప్యాకెట్లు చాలవు. ఐసు ఫ్యాక్టరీకి పోయి ఒక గడ్డ పట్రా. అడిగితే ఆసుపత్రికని చెప్పు" అని పంపేసింది. ఐసెందుకో అర్థం కాక అతను నన్నూ ఆవిణ్ణీ మార్చి మార్చి చూస్తూ వెళ్లాడు. అతను మెట్లు దిగేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

"నీ కొట్లో గిరాకీ ఒచ్చి ధర అడిగితే, నువ్వు మొదట చెప్పేది అసలు ధరేనా?"

"కాదండీ."

"ఇందాక నాకు చెప్పింది గూడా మొదటి ధరే. నేను బేరం ఆడను. నీ పెళ్లానికి అంత టైము లేదు. ఆఖరి మాట చెప్పు."

నన్ను నా తక్కెడలోనే కూర్చోబెట్టి తూచిన మనిషిని అదే మొదటిసారి చూడటం. ఇంటికి పరుగెత్తాను. బీరువా పక్కన పడేసిన ఖాళీ షీట్లన్నీ సంచిలో వేసుకొచ్చి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ ఒక్కోటీ తిప్పి, వెనక సన్నక్షరాలు ఉన్నచోట వేలు పెట్టి, నాచేతనే చదివించింది. ఎర్రదాని మీద పారాసిటమాల్. తెల్లదాని మీద ఏదో నొప్పిమందు పేరు, దాని కింద పారాసిటమాల్. కొసరుగా వచ్చిన దాని మీద నాలుగు పేర్లు, అందులో ఒకటి పారాసిటమాల్. మోతాదు మించితే లివరుని తినేసేది అదేనంది ఆవిడ. ఒకే బస్తా పప్పు, మూడు డబ్బాలు! ఊళ్లో ఎవరికి తెలియకపోయినా ఫరవాలేదు, ఆ కిటుకు నాకు తెలియకపోవడమేమిటి? నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకే తెలియదు, గొంతులోంచి ఒక చప్పుడు మాత్రం వచ్చింది. ఆవిడ జాలి పడలేదు. సంచిని తలకిందులు చేసి దులిపింది. "ఇంకేమన్నా ఉందా?" అంది. లేదన్నాను. నమ్మినట్టు కనిపించలేదు. కానీ ఆ షీట్లు పట్టుకుని కుంటుకుంటూ డాక్టరు గదిలోకి దాదాపు పరుగెత్తింది. పది నిమిషాల్లో విరుగుడు మందు సీసా కట్టారు. దాని మూత తీసినప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వచ్చింది. ఇది కాలం చెల్లిన సరుకు కాదు గదా అని, ఆ స్థితిలో కూడా సీసా మీద తేదీ చూసినవాణ్ణి నేను.

మరునాటికి అరుణకి పూర్తిగా తెలివి తప్పింది. మెదడు వాస్తోందని, లివరు మార్చాలంటే హైదరాబాదు వెళ్లాలని, ఆ ప్రయాణం తట్టుకునే స్థితిలో లేదని డాక్టరు చెప్పాడు. మత్తులో ఉంచి, గొట్టం వేసి, మిషను మీద ఊపిరి ఆడిస్తూ, ఒంటి వేడిని మామూలు కంటే మూడు నాలుగు డిగ్రీలు దించి ఉంచుతామన్నాడు. మెడకి రెండు పక్కలా, చంకల్లో, గజ్జల్లో ఐసు మూటలు. ఒంటి మీద తడి దుప్పటి. పైన ఫ్యాను. చల్లటి సెలైను. పిల్లలకి కాస్త ముక్కు కారితేనే పెరుగన్నం మానిపించే ఇళ్లు మావి. చావుబతుకుల్లో ఉన్న మనిషిని ఐసులో పెట్టడమేమిటి? మా ఎరికలో ఐసులో పెట్టేది ఒక్క శవాన్నే, దూరాన ఉన్న చుట్టాలు వచ్చేదాకా. నాకు ఇది ఏదో సరుకు అంటగట్టే వ్యవహారంలా తోచింది. సలోమి సిస్టర్ని పట్టుకున్నాను.

"ఐసు పెడితే లివరు బాగవుద్దా సిస్టర్?"

"బాగవుద్దని నేను చెప్పానా?"

"మరెందుకు?"

"లివరు దానంతటది లేవాలి. అది లేచేలోపు తల వాచి ప్రాణం పోకుండా ఆపాలి. చల్లబరిస్తే వాపు అణుగుద్దని చేస్తన్నాం."

"గ్యారంటీయేనా?"

"కాదు. కొంతమందికి పనికొచ్చింది. కొంతమందికి రాలా. మా డాక్టర్లలోనే దీన్ని ఒప్పుకోనోళ్లు ఉన్నారు. చలికి ఇన్‌ఫెక్షన్ రావొచ్చు, గుండె కొట్టుకోడం తేడా రావొచ్చు. నాకు తెలిసింది ఇంతే."

నా జీవితంలో తన సరుకుని తనే ఇంత తక్కువ చేసి చెప్పిన అమ్మకందారు తగల్లేదు. మామూలు మనిషైతే అక్కడే నమ్మేవాడు. నేను మామూలు మనిషిని కాను గదా! ఇందులో ఇంకా లోతైన మోసం ఏదో ఉందనుకున్నాను. ఆ మాట బావతో అన్నాను కూడా. "ఏమో బావా, ఈళ్లు ముందే చేతులు దులుపుకుంటన్నట్టున్నారు" అని. ఆ విత్తనం వేసింది నేనే. అది మొలవడానికి ఒక పూట పట్టింది.

మూడోరోజు పదకొండు గంటలకి చూడనిచ్చారు. బావ లోపలికి వెళ్లి దుప్పటి అంచు పైకెత్తి చెల్లెలి పాదం పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు నిప్పు తాకినట్టు వదిలేశాడు. బయటికొచ్చి వరండా అదిరిపోయేలా అరిచాడు. "పోయింది బావా! ఎప్పుడో పోయింది! కాలు గడ్డకట్టుకపోయింది! మిషను పెట్టి రొమ్ము ఆడిస్తన్నారు, శవానికి వైద్యం చేస్తన్నారు ఈ దొంగనాయాళ్లు!" బెంచీల మీద జనమంతా లేచారు. ఎవరో ఫోను తీసి వీడియో మొదలుపెట్టారు. బావ అప్పుడే మాచవరానికి బండి మాట్లాడుతున్నాడు, ఇంటికి తీసుకుపోదామని. నాకూ పోయిందనే అనిపించింది. కానీ నా బుర్ర మూలన బేరగాడు ఇంకా కూర్చునే ఉన్నాడు. లేచి నడిస్తే వెనక్కి పిలుస్తారు, అప్పుడు అసలు నిజం బయటపడుతుంది అని వాడి సలహా. సలోమి సిస్టర్ ముందుకి వెళ్లి గట్టిగా అన్నాను.

"మాకు మీ వైద్యం వద్దు. తీసకపోతాం."

నాలుగడుగులు వేశాను. ఐదోది వేశాను. ఆరోది కూడా వేశాను. పిలుపు రాలేదు. తిరిగి చూస్తే ఆవిడ బల్ల సొరుగు లాగి కాగితం బయటికి తీస్తోంది. నా ఇష్టప్రకారం తీసుకువెళుతున్నానని రాసి ఉన్న కాగితం. దాని మీద పెన్ను పెట్టి నా వైపు జరిపింది.

"సంతకం పెట్టు."

నేను పెన్ను తీసుకున్నాను.

"పెట్టబోయే ముందు లోపలికి రా. నన్ను నమ్మమాకు. డాక్టర్ని నమ్మమాకు. నీకు అనుమానం గదా? మంచిదే, నాకూ అందరి మీదా అనుమానమే. కాకపోతే నేను చూసి అనుమానపడతా. నువ్వు చూడకుండా పడతన్నావు. రా."

లోపలికి తీసుకెళ్లి నా రెండు వేళ్లు పట్టుకుని అరుణ మెడ పక్కన, ఐసు మూటకి కాస్త ఎగువన, నొక్కి పెట్టింది. తోలు చల్లగా, చచ్చిన చేపని ముట్టుకున్నట్టు ఉంది. ఏమీ తెలియలేదు. చెయ్యి తీయబోతే ఆవిడ తీయనివ్వలేదు. "తొందరపడమాకు. చల్లబరిస్తే నెమ్మదిస్తది." ఊపిరి బిగబట్టాను. కింద, ఎక్కడో లోతున, ఒక దెబ్బ. ఇది నా వేలి నాడేనేమో అని మళ్లీ అనుమానం. వేళ్లు మార్చి చూశాను. మళ్లీ దెబ్బ. ఆ తర్వాత చాలాసేపటికి, నాకు అలాగే అనిపించింది, ఇంకొకటి. ఆవిడ అరుణ కంటి రెప్ప పైకెత్తి చిన్న టార్చి వేసింది. నల్లగుడ్డు ముడుచుకుంది. "చచ్చినోళ్లకి ముడుచుకోదు" అంది. అప్పుడు బావని కూడా పిలిచి, అతని వేళ్లూ అలాగే పెట్టించింది. ఎకరాల కొద్దీ మిరప కోయించిన చెయ్యి, ఆ మెడ మీద వేళ్లు జరుపుతూ వెతికింది. చాలాసేపటికి "ఉంది" అన్నాడు. "కొట్టుకుంటంది బావా" అన్నాడు నాతో, ఆ సంగతి నాకు తెలియనట్టు. ఇప్పుడు ఐసు తీసి ఎండన పడి ఆటోలో కుదిపితే వాపు ఒక్కసారిగా తన్నుకొస్తుందని ఆవిడ మామూలు గొంతుతో చెప్పింది. సంతకం పెట్టని కాగితాన్ని బావే తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

అంతటితో ఆగితే బాగుండేది. కళ్లు తుడుచుకుంటూ బావ అడిగాడు, "అసలు దీనికి ఇట్టా ఎందుకయింది సిస్టర్?" అని. ఆవిడ నన్ను చూసింది. "ఆయనకి తెలుసు, ఆయన చెప్తాడు" అంది. నేను నేల చూస్తూ, "జ్వరం ముదిరింది బావా" అన్నాను. ఆవిడ అరుణ మెడ దగ్గర కరిగిన మూట తీసి కొత్తది పెట్టి, వెళ్లిపోయింది.

లివరు లెక్కలు మర్నాటి నుంచి మంచికి తిరిగాయి. ఆ తర్వాత మూటలు ఒక్కొక్కటే తీస్తూ, గంటకి ఇంత అని, పాలు తోడుపెట్టేటప్పుడు చూసుకునే గోరువెచ్చదనమంత జాగ్రత్తగా ఒంటికి వేడి ఎక్కించారు. తొందరపడి వెచ్చబెడితే మొదటికే మోసమట. ఇంకో రెండు రోజులకి గొట్టం తీశారు. అరుణ కళ్లు తెరిచి, బొంగురు గొంతుతో అన్న మొదటి మాట, "చలేస్తంది, ఫ్యానెవురేశారు?" అని. అరుణని నిలబెట్టింది విరుగుడు మందా, చల్లదనమా, లివరే మొండిగా లేచిందా అని సలోమి సిస్టర్ని అడిగాను. "నాకు తెలవదు కొట్టాయనా. తెలుసని చెప్పేవాడు దొరికితే నాగ్గూడా చెప్పు" అంది. నేను ఆవిణ్ణి పూర్తిగా నమ్మింది అప్పుడే.

ఇంటికి పంపే రోజు పళ్లబుట్ట తీసుకెళ్లాను. ఆవిడ అందులోంచి ఒక బత్తాయి తీసుకుని, మిగతావి ఆయాలకి ఇచ్చేసి, నన్ను మెట్ల పక్కకి పిలిచింది.

"ఆ పిల్లకి చెప్పావా?"

"ఇంటికి పోయాక చెప్తానండీ."

"చెప్పవు. నీ మొహం చూస్తేనే తెలస్తంది. రేపు తలనొప్పొస్తే ఏ పక్కింట్లోనో అడిగి మళ్లీ అయ్యే మింగుద్ది. జ్వరం ముదిరి ఇట్టా అయిందనుకుంటది గదా మరి! నీ పరువు కాపాడుకోటానికి ఆమె లివరు అడ్డం పెడతావా?"

వారం రోజులు చెప్పకుండా నెట్టుకొచ్చాను. ఒక మధ్యాహ్నం అరుణ నుదురు పట్టుకుని, "తల పగిలిపోతంది, బిళ్లేమన్నా ఉందా?" అంది. బావ ఆరోజు చూడటానికి వచ్చి వసారాలో కూర్చుని ఉన్నాడు. ఇద్దరి ముందూ చెప్పేశాను. ఆరెంపీ బిళ్లలు, షాపు బిళ్లలు, కొసరు బిళ్లలు, రోజుకి ఎన్ని వేశానో, ఆసుపత్రిలో ఎందుకు దాచానో, బావకి అబద్ధం ఎందుకు చెప్పానో. బావ లేచాడు. కొడతాడనుకున్నాను. "ఆసుపత్రోళ్లని దొంగనాయాళ్లని తిట్టాను గదయ్యా నేను" అన్నాడు, అంతే. బయటికి వెళ్లి మోటారుసైకిలు ఎక్కి, స్టార్టు చేయకుండా చాలాసేపు దాని మీదే కూర్చున్నాడు.

అరుణ గోడకి ఆనుకుని నన్నే చూస్తోంది. తిడుతుందేమోనని చూశాను. ఏడుస్తుందేమోనని చూశాను. మెల్లిగా అడిగింది.

"నేను చచ్చిపోయుంటే చెప్పేవాడివా?"

చెప్పేవాణ్ణే అనడానికి నోరు తెరిచాను. మాట రాలేదు. నలభై ఏళ్లుగా గిరాకీల కళ్లలోకి సూటిగా చూసి ఏ మాటైనా అనగలిగిన నోరు అది.

ఆ వారమే ఆసుపత్రికి వెళ్లి, చెప్పానని సలోమి సిస్టర్తో అన్నాను. ఏమందని అడిగింది. అరుణ అడిగిన మాట చెప్పాను. "నువ్వేమన్నావు?" అంది. ఏమీ అనలేకపోయానన్నాను. ఆవిడ అద్దాలు పైకి తోసుకుని, మొదటిసారి, కాస్త నవ్వినట్టు అనిపించింది. "పోన్లే, అబద్ధమన్నా చెప్పలా" అని లోపల ఎవరిదో మిషను కూస్తుంటే వెళ్లిపోయింది. ఆవిణ్ణి చూడటం అదే ఆఖరు. పోయిన ఏడు ఆవిడ చనిపోయిందని తెలిసి వాళ్ల ఊరు వెళ్లాను. సమాధుల దొడ్డిలో జనం చాలా మంది ఉన్నారు. అందులో సగం మంది నాలాంటి వాళ్లే అయ్యుంటారని, ఆ మొహాలు చూస్తే అనిపించింది.

అరుణకి నేను ఇంకా జవాబు చెప్పలేదు. ఆవిడ మళ్లీ అడగలేదు. అన్నం వడ్డిస్తూనో, బట్టలు మడతపెడుతూనో ఒక్కోసారి చేతిలో పని ఆపి నా మొహం వైపు చూస్తుంది. దేనికోసం వెతుకుతోందో నాకు తెలుసు. ఇదివరకైతే ఏదో ఒక మాట అందించి తప్పించుకునేవాణ్ణి. ఇప్పుడు ఆవిడ చూసినంతసేపూ చూడనిస్తాను.